చదివిస్తే పిల్లలు ఊళ్ళో మిగలరా?

మాస్టారూ, మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టుగా ఒకసారి చెప్పుకుంటాను. మీరు మెరకముడిదాం మండలంలో ఉన్నత పాఠశాలలో పాఠాలు చెబుతున్నారు. పదిహేనేళ్ళుగా మీ చేతుల మీదుగా పది పాసైన పిల్లలను లెక్క చూసుకుంటే, బాగా చదివినవాళ్ళలో ఒక్కరూ ఊళ్ళో లేరు. మధ్యలో బడి మానేసినవాళ్ళు మాత్రం ఏటా వెళుతున్నారు, ఏటా వస్తున్నారు. చదువు పెరిగితే వలస తగ్గుతుందని శిక్షణ తరగతుల్లో విన్నారు, కళ్ళ ముందు చూస్తున్నది వేరు. "నేను పాఠాలు చెబుతున్నానా, ఊరు ఖాళీ చేయిస్తున్నానా?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. చదువు వలసను తగ్గించదు. చాలాసార్లు పెంచుతుంది. ఎవరు వెళతారు, ఎంత దూరం వెళతారు, ఎవరి వెంట వెళతారు, మళ్ళీ వస్తారా రారా అన్నవి చదువును బట్టి మారతాయి. అయితే ఒక్కో తరగతి పెరిగే కొద్దీ వలస కూడా వరసగా పెరుగుతూ పోతుందనుకుంటే పొరపాటు. మధ్యలో ఒక మెట్టు మీద మనిషి కదలకుండా ఆగిపోతాడు. నా దిగులంతా ఆ మెట్టు మీద ఉన్నవాళ్ళ గురించే. దాని సంగతి కొంచెం ఆగి చెబుతాను.

నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఐటీఐలలో ఇరవై తొమ్మిదేళ్ళు వెల్డరు, ఫిట్టరు ట్రేడులు నేర్పి ఏటీవోగా, అంటే అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసరుగా రిటైరయ్యాను. ఆర్థికశాస్త్రం చదవలేదు. నా దగ్గర ఉన్నదల్లా రెండు లాంగ్‌బుక్కులు. బ్యాచికి ఒక పేజీ చొప్పున పేరు, ఊరు, తండ్రి పని, "ఇప్పుడెక్కడ" అని గళ్ళు గీసుకున్నాను. ఆఖరి గడి మాత్రం పెన్సిలుతో రాశాను. ఎందుకంటే అది మారుతూ ఉంటుంది. కొన్ని పేర్ల దగ్గర తుడిచి తుడిచి కాగితానికి చిల్లు పడింది. నేను చెప్పేదంతా ఆ పుస్తకాల్లోంచే.

ముందు ఒక మాట. చదువే జనాన్ని ఊరు దాటిస్తోందనుకుంటే మన తాతలు రంగం, అంటే బర్మాలోని రంగూన్, ఎందుకు వెళ్ళారు? బరువ, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో పొగ ఓడలెక్కి రంగూన్ వెళ్ళినవాళ్ళలో సంతకం వచ్చినవాళ్ళు ఎంతమంది? మా తాత అక్కడ బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక, 1942లో అడవుల వెంట నడిచి వచ్చిన గుంపుల్లో ఆయన ఒకడు. అక్కడి నుంచి ఆయన పంపిన ఉత్తరం ఒకటి మా ఇంట్లో చాలాకాలం ఉండేది. రాసినది ఎవరో తెలియదు, కింద వేలిముద్ర ఒక్కటే ఆయనది. ఖరగ్‌పూర్ రైల్వేకు, కలకత్తా జనపనార మిల్లులకు వెళ్ళినవాళ్ళ కథా ఇంతే. వాననే నమ్ముకున్న మెట్ట, అరెకరం ఎకరం కమతాలు, గోగు, వేరుశనగ తీసేశాక చేతిలో పని లేని నెలలు. మనవాళ్ళను ఊరు దాటించినవి ఇవి. బడి ఆ తర్వాత వచ్చింది.

చదువు లేనివాడి వలస. వాడు తనంతట తాను కదలడు. మేస్త్రీ కదిలిస్తాడు. సంక్రాంతి వెళ్ళగానే మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. పాత అప్పు తీరుస్తారో, పిల్ల పెళ్ళికి వాడతారో, ఆ డబ్బు రెండు రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత హైదరాబాద్ అయినా, విజయవాడ అయినా, చెన్నై అయినా ఎక్కడికి, ఎంత కూలికి, ఎన్నాళ్ళు అన్నది మేస్త్రీ నోట్లో ఉంటుంది. కాగితం ఉండదు, ఉన్నా చదవలేరు. అడ్వాన్సు తీరేదాకా ఇంటికి రాలేరు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో పదకొండంతస్తుల భవనం కూలి అరవై ఒక్కమంది చనిపోయినప్పుడు, వాళ్ళలో మన రెండు జిల్లాల కూలీలు చాలామంది ఉన్నారు. పేపర్లో పేర్లు వస్తుంటే నా పుస్తకాలు తెరిచి వెతుక్కున్నాను. ఒక్క పేరూ కలవలేదు. ఊరటగా అనిపించింది. మరు నిమిషంలో సిగ్గు వేసింది. నా దగ్గరికి వచ్చేదాకా చదవగలిగినవాడికి ఆ శ్లాబు కింద తట్ట మోయవలసిన పని పడదు మరి.

వేటకు వెరావల్ వెళ్ళే మన మత్స్యకారుల సంగతీ దాదాపు ఇదే. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉన్నా గుజరాత్ పడవలెక్కుతున్నారు. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చిన ఇరవైమందిని మీరు టీవీలో చూసే ఉంటారు. ఏడో తరగతిలో వల పట్టుకున్న కుర్రవాడికి ఇంకో పని తెలియదు కాబట్టి మళ్ళీ అదే పడవ ఎక్కుతాడు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. చదువు వలసను మార్చడం అటుంచి, వలసే చదువును మింగేస్తుంది. జనవరి తర్వాత మీ హాజరు పట్టీలో ఏ పిల్లల గళ్ళు ఖాళీగా ఉంటాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. తల్లిదండ్రుల వెంట వెళ్ళి, జూన్‌లో తిరిగొచ్చి, రెండేళ్ళు ఇలా గడిచేసరికి వాడు తమ్ముడి తరగతిలో కూర్చోవడానికి సిగ్గుపడి మానేస్తాడు. పదిహేనేళ్ళకు వాడికీ ఒక మేస్త్రీ దొరుకుతాడు. వలస కుటుంబాల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టళ్ళు బాగా నడిచిన చోట ఈ గొలుసు తెగడం నేను చూశాను. టీసీ లేదని బడిలో చేర్చుకోవడం ఆపకూడదని విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఈ సంగతి హైదరాబాద్‌లో పనిచేసే కూలీ తల్లికి ఎవరూ చెప్పరు. ఊరు విడిచే రోజున మీరు చెప్పవచ్చు.

పదో తరగతి అనే గేటు. పది పాసవడం మార్కుల సంగతి మాత్రమే అనుకుంటారు. గల్ఫ్ వెళ్ళేవాడికి అది పాస్‌పోర్టు రంగు మార్చినంత పని. పది పాసు కానివాడి పాస్‌పోర్టులో ఈసీఆర్ అని ఉంటుంది, అంటే వలస తనిఖీ అవసరం అని. గల్ఫ్ దేశాలు, మలేసియా సహా 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్ళాలంటే వాడికి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి అనుమతి కావాలి. పది పాసైనవాడికి ఈ తనిఖీ లేదు. వీసా చేతికొస్తే విమానమెక్కవచ్చు.

వినడానికి బాగుంది కదా? నా పుస్తకంలో ఒకే పేజీలో ఉన్న అన్నదమ్ముల కథ వినండి. సోంపేట వైపు కొబ్బరి రైతు పిల్లలు. అన్న పది ఫెయిలై, ఎనిమిదో తరగతి సర్టిఫికెట్‌తో నా దగ్గర వెల్డరు ట్రేడులో చేరాడు. (వెల్డరుకు ఎనిమిది చాలు. ఫిట్టరు, ఎలక్ట్రీషియన్ కావాలంటే పది పాసవ్వాలి.) వాడిది ఈసీఆర్ పాస్‌పోర్టు. అందువల్ల లైసెన్సున్న ఏజెంటు దగ్గరికే వెళ్ళాల్సి వచ్చింది. జీతం రాసిన ఒప్పందం, పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా అన్నీ తప్పనిసరి అయ్యాయి. "ఎన్ని కాగితాలండీ మాస్టారూ, ప్రాణం తీస్తున్నారు" అని నా దగ్గర విసుక్కున్నాడు. తమ్ముడు పది పాసయ్యాడు, తెలివైనవాడు. ఊరి ఏజెంటు ఒకడు "నీకు తనిఖీలు లేవు, వారంలో పంపిస్తాను" అని విజిట్ వీసా మీద పంపాడు. రెండు నెలలకు వీసా గడువు తీరిపోయింది. యజమాని జీతం ఇవ్వలేదు, పాస్‌పోర్టూ ఇవ్వలేదు. ఫిర్యాదు చేద్దామంటే చేతిలో ఒప్పందం లేదు. తిరిగి రావడానికి పదకొండు నెలలు పట్టింది. తండ్రి కొబ్బరితోటలో సగం పోయింది. అన్నకూ జీతాలు ఆలస్యం అయ్యాయి. కానీ గొడవపడడానికి వాడి దగ్గర ఒక కాగితం ఉంది.

అందుకని పది పాసైన ప్రతి కుర్రవాడికీ నేను చెప్పేది ఒకటే. నీకు తనిఖీ అక్కర్లేదని ప్రభుత్వం వదిలేసింది కాబట్టి, ఆ తనిఖీ నువ్వే చేసుకో. ఏజెంటు పేరు ప్రభుత్వం వారి ఈమైగ్రేట్ వెబ్‌సైటులో ఉందో లేదో చూడు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే అక్కడే ఆగు. ఉద్యోగ వీసా తప్ప ఇంకో వీసా మీద పనికి వెళ్ళకు. బీమా తప్పనిసరి కాకపోయినా కట్టుకో.

పని నేర్చిన చదువు. వెల్డర్లకు ట్రేడ్ టెస్టులో 6జీ అని ఒకటి ఉంటుంది. పైపును నలభై అయిదు డిగ్రీల వాలులో బిగిస్తారు, తిప్పడానికి వీల్లేదు. మనిషే దాని చుట్టూ వంగి, కూర్చుని, మోకాళ్ళ మీద నిలబడి వెల్డు పూర్తి చేయాలి. పైపు అడుగున పని చేస్తున్నప్పుడు కరిగిన లోహం నీటిబొట్టులా కిందికి జారాలని చూస్తుంది. దాన్ని చేతి వేగంతోనే నిలబెట్టాలి. పూర్తయ్యాక ఎక్స్‌రే తీసి లోపలి గాలిబుడగలు, పగుళ్ళు చూస్తారు. ఈ టెస్టు గట్టెక్కినవాణ్ణి ఎవరూ అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోరు, వాడే బేరం ఆడతాడు. నా బ్యాచుల్లో ఇది చేయగలిగినవాళ్ళలో చాలామంది పదిలో మొదటి వరుస పిల్లలు కారు. కానీ అయిదారేళ్ళు గడిచేసరికి తేడా తెలిసింది. డ్రాయింగు చదవడం వచ్చినవాడు ఫోర్‌మన్ అయ్యాడు. చేయి ఎంత బాగున్నా, అంగుళాలను మిల్లీమీటర్లలోకి మార్చలేనివాడు వెల్డరుగానే మిగిలాడు. మీరు ఎనిమిదో తరగతిలో చెప్పే దశాంశాలకు దుబాయ్‌లో ఎంత విలువ ఉందో చూడండి.

వీళ్ళ వలసకు ఒక మంచి గుణం ఉంది. డబ్బు ఊరికి వస్తుంది. భార్యాపిల్లలు ఇక్కడే ఉంటారు కాబట్టి ఇల్లు ఇక్కడే కడతారు, బోరు ఇక్కడే వేస్తారు. సైన్యంలోకి వెళ్ళినవాళ్ళదీ ఇదే దారి. అయితే 2022లో అగ్నిపథ్ వచ్చాక నాలుగేళ్ళకు నూటికి ఇరవై అయిదుమందినే ఉంచుకుంటారు. మిగిలినవాళ్ళు ఇరవై అయిదేళ్ళు నిండకముందే చాలావరకు తిరిగొస్తారు. వాళ్ళ కోసం ఇక్కడ ఏముందన్నది ఇంకో ప్రశ్న.

ఇక ఆగిపోయే మెట్టు. మామూలు డిగ్రీ. నా పుస్తకాల్లో డిగ్రీ పిల్లలు ఉండరు, వాళ్ళ తమ్ముళ్ళు ఉంటారు. ఆ తమ్ముళ్ళ ద్వారా తెలిసినది చెబుతున్నాను. బొబ్బిలి దగ్గర ఒక ఊళ్ళో నా విద్యార్థి ఇంటికి వెళ్ళాను. తల్లీ తండ్రీ హైదరాబాద్‌లో అపార్టుమెంటు కాపలా పనిలో ఉన్నారు. ఇంట్లో పెద్దకొడుకు ఒక్కడే ఉన్నాడు. బీఎస్సీ, ఆపైన బీఈడీ. గోడ మీద భారతదేశ పటం, మంచం కింద కోచింగ్ సెంటరు నోట్సు కట్టలు. పాత కట్టలను ఎలుకలు కొరికేశాయి. అప్పటికి డీఎస్సీ కోసం చదవడం మొదలుపెట్టి నాలుగేళ్ళు. 2018 డీఎస్సీ తర్వాత ఉద్యోగాలిచ్చే దాకా వెళ్ళిన మరో డీఎస్సీ ప్రకటన 2025 ఏప్రిల్‌లోనే వచ్చింది, 16,347 పోస్టులకు. మధ్యలో ఏడేళ్ళు! "ఈలోగా ఏదైనా పనికి వెళ్ళవచ్చు కదయ్యా" అన్నాను. "బీఈడీ చేసి ఏ పనికి వెళ్ళమంటారండీ? నాన్నే వద్దంటాడు" అన్నాడు. చదువులేని తండ్రి వలస వెళ్ళాడు, చదువుకున్న కొడుకు కదలకుండా ఊళ్ళో ఉండడం కోసం! ఇలాంటివాడు లెక్కల్లో వలస వెళ్ళనివాడు. పైకి చూస్తే చదువు వలసను ఆపినట్టే కనిపిస్తుంది.

డిగ్రీ చదివించడం తప్పని నా ఉద్దేశం కాదు. పైడిభీమవరం ఫార్మా పరిశ్రమల్లో కెమిస్ట్రీ చదివినవాళ్ళకు ఇంటి నుంచి బస్సెక్కి వెళ్ళే ఉద్యోగాలు దొరికాయి. మన ప్రాంతంలో చదువు నిజంగా మనిషిని ఊళ్ళో నిలబెట్టిన ఉదాహరణ అడిగితే నేను మొదట అదే చెబుతాను. ఫ్యాక్టరీ వచ్చింది కాబట్టి ఆ చదువు పనికొచ్చింది. పదిహేను కిలోమీటర్ల దూరంలో ఏ పని ఉందో చూడకుండా చదివించిన డిగ్రీకి ఊళ్ళో చోటు లేదు, ఊరు దాటే ధైర్యమూ అది ఇవ్వదు.

బీటెక్ పిల్లలు వెళతారు, తిరిగి రారు. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ 2016లో వచ్చాక పల్లెటూరి పదో తరగతి పిల్లలకు మార్కుల మీదే సీటొచ్చే దారి దొరికింది. అది గొప్ప మేలు. అక్కడి నుంచి హైదరాబాద్, బెంగళూరు, ఆపైన అమెరికా. మీరు బాధపడుతున్నది వీళ్ళ గురించేనని నాకు తెలుసు. ఇక్కడ జనం పైకి చెప్పుకోని ఒక సంగతి ఉంది. వెల్డరు కొడుకు పంపినంత డబ్బు ఇంజనీరు కొడుకు ఊరికి పంపడు. పిసినారితనం అనుకోకండి. వాడి భార్యాపిల్లలు అక్కడే, ఫ్లాటు వాయిదాలు అక్కడే, పిల్లల ఫీజులు అక్కడే. అయిదారేళ్ళకు అమ్మానాన్నలను కూడా తీసుకుపోతాడు. అప్పుడు ఇంటికి తాళం పడుతుంది. పొలం కౌలుకు పోతుంది, తర్వాత అమ్మకానికి. మీరు చూస్తున్న ఖాళీ ఇళ్ళలో ఎక్కువ ఇవే అయి ఉంటాయి.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. మన దేశంలో ఊరు మారిన ఆడవాళ్ళలో ఎక్కువమంది పెళ్ళి వల్ల మారినవాళ్ళే, జనగణన చెప్పేదీ అదే. చదువుకోని పిల్ల కూడా వలస వెళుతుంది, కాకపోతే ఎక్కడికన్నది ఇంకొకరు నిర్ణయిస్తారు. మా రెండో అన్నయ్య కూతురు నర్సింగ్ చదివింది. విశాఖలో మొదలుపెట్టి ఇప్పుడు గల్ఫ్‌లో ఉంది. ఆ ఇంట్లో మొట్టమొదటిసారి ఒక ఆడపిల్ల తన పేరున పాస్‌పోర్టు తీసుకుంది, తన జీతం తన ఖాతాలో వేసుకుంది. "చదివించి దూరం చేసుకున్నాను" అని మా వదిన ఇప్పటికీ కన్నీళ్ళు పెట్టుకుంటుంది. చిన్నకూతుర్ని కూడా నర్సింగే చదివిస్తోంది.

మా తమ్ముడు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాడు. హారిస్, టొడారో అని ఇద్దరు 1970లో చెప్పిన మాటను వాడు నాకు ఇలా విప్పి చెప్పాడు. మనిషి పట్నంలో ఉన్న జీతాన్ని మాత్రమే చూసి బయలుదేరడు. ఆ జీతం తనకు దొరికే అవకాశం ఎంతో కూడా లెక్క కట్టుకుంటాడు. ఊళ్ళో దొరికేదానికన్నా ఆ రెండూ కలిపి చూసుకున్నది ఎక్కువైతే కదులుతాడు. చదువు ఆ అవకాశాన్ని పెంచుతుంది కాబట్టి చదివినవాడు ముందు కదులుతాడు. నేను వాడితో ఒకటే వాదించాను. ఆ లెక్క బీటెక్ వాడికి సరిపోతుంది. అడ్వాన్సు తీసుకున్న కూలీ లెక్క కట్టడు, వాడి లెక్క మేస్త్రీ కడతాడు. ఆ రోజు తమ్ముడు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోడు.

ఇక మీ అసలు ప్రశ్న. ఊరు ఖాళీ చేయిస్తున్నది మీరు కాదు. 2011 జనగణనలో విజయనగరం జిల్లా అక్షరాస్యత 59 శాతం, శ్రీకాకుళానిది 62 శాతం దగ్గర ఉంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రానిది 67. చదువులో వెనకబడిన ఈ జిల్లాలే వలసలో ముందున్నాయి. వెయ్యిమంది మగవాళ్ళకు వెయ్యికి పైగా ఆడవాళ్ళు ఈ రెండు జిల్లాల్లోనూ లెక్కకు వచ్చారు. దానికి వలస ఒక్కటే కారణమని అనను కానీ, లెక్కల రోజున ఊళ్ళో లేని మగవాళ్ళు ఎక్కడ ఉన్నారో మనిద్దరికీ తెలుసు. మీరు పాఠం చెప్పకపోయినా వాళ్ళు వెళతారు, మేస్త్రీ వెంట వెళతారు.

మీ చేతిలో ఉన్న పని ఒకటి చెబుతాను. చిన్నదే కానీ, నా దగ్గరికి ఏడుస్తూ వచ్చినవాళ్ళలో సగం మంది దీని వల్లే వచ్చారు. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) పంపేముందు ఒక పూట కేటాయించండి. ఒక్కో పిల్లవాడి పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడండి. బడిలో చేర్చిన రోజు ఎవరో గుర్తున్నంత వరకు చెప్పి వేయించిన తేదీ ఒకటి ఉంటుంది. ఆధార్‌లో జనవరి ఒకటి ఉంటుంది. "అప్పలనాయుడు"లో ఒక చోట రెండు పీలు, ఇంకో చోట ఒక పీ. ఇప్పుడైతే తెల్ల కాగితం మీద దరఖాస్తుతో పోతుంది. పదేళ్ళ తర్వాత విశాఖ పాస్‌పోర్టు ఆఫీసు మెట్ల మీద, వీసా గడువు పది రోజులుందనగా, అదే తప్పు దిద్దించుకోవడానికి వాడు మళ్ళీ మీ బడికే వస్తాడు. అప్పటికి మీకు బదిలీ అయిపోయి ఉంటుంది.

ఇంకొకటి. సర్టిఫికెట్లకు లామినేషన్ చేయించవద్దని పిల్లలకు చెప్పండి. అటెస్టేషన్‌కు, అంటే సర్టిఫికెట్ల ధ్రువీకరణకు వెళితే ముద్ర వేయాలంటే ఆ ప్లాస్టిక్ ఊడదీయాలి. ఊడదీస్తే దాంతో పాటు అక్షరాలూ లేచి వస్తాయి.